చదువు ఎప్పుడు కాయకమగును?

శరణమార్గమున కాయకమునకు గల స్థానము మన కందరకును తెలిసినదే. న్యాయముగా శ్రమించి ఆర్జించినది, దాసోహమునకు వినియోగించినది మాత్రమే సాధకునకు అర్హమైన భోజనమని పండ్రెండవ శతాబ్దమున కల్యాణమందలి శరణులు ఆచరించి చూపిరి. పని ఉండియు చేయనివానిని గూర్చి మన పెద్దలు చెప్పినది చాల కలదు. కాని పని చేయుటకు సిద్ధముగా నుండియు పని దొరకని వాని సంగతి యేమి? పని దొరకువరకు అతడు చేయు చదువు కాయకమగునా, కాదా? ఈ ప్రశ్న నేడు మన యిండ్లలో చాలచోట్ల మౌనముగా తిరుగుచున్నది.

నా కెరిగిన యొక కుటుంబమున వాణిజ్యశాస్త్ర పట్టభద్రుడైన యువకుడొకడు కలడు. చదువు ముగిసి రెండేండ్లైనను ఉద్యోగము దొరకలేదు. మొదట మ్యూచువల్ ఫండ్ల పంపిణీదారులకు నిర్ణయించిన ఎన్.ఐ.ఎస్.ఎం. పరీక్షలో ఉత్తీర్ణుడయ్యెను. పిమ్మట అదే సంస్థవారి ఈక్విటీ డెరివేటివ్స్ పరీక్ష వ్రాసెను. తరువాత సి.ఎఫ్.ఎ. మొదటి స్థాయికి రుసుము చెల్లించెను. దాని ఫలితము రాకమునుపే ఎఫ్.ఆర్.ఎం. మొదటి భాగమునకు పుస్తకములు తెప్పించెను. ఒకనాడు ఆ పుస్తకములు తిరుగవేసి చూచితిని. ఫ్యూచర్లు, ఆప్షన్లు అను విషయము మూడింటిలో మూడుమారులు కనబడినది. బాండ్ల వెలగట్టు పద్ధతియు, సంఖ్యాశాస్త్రపు అధ్యాయములును రెండింటిలో ఉన్నవి. "నాయనా, చదివినదే మరల చదువుట యెందుకు?" అని అడిగితిని. కొంతసేపు ఊరకుండి అతడిట్లనెను: "పెదనాన్నా, ఏం చేస్తున్నావని ఎవరైనా అడిగితే పరీక్షకు చదువుతున్నానని చెప్పవచ్చు. చదవడం ఆపితే ఏమని చెప్పను?"

ఈ సమాధానము నన్ను చాలకాలము వెంటాడినది. అతడు విద్యను కోరి చదువుట లేదు; నిరుద్యోగి యను పేరునుండి దాగుకొనుటకు చదువుచున్నాడు.

ఈ పరీక్షలు నిష్ప్రయోజనములని నా యభిప్రాయము కాదు. ఎన్.ఐ.ఎస్.ఎం. అనునది సెబీ 2006లో నెలకొల్పిన సంస్థ. కొన్ని పనులకు దాని పరీక్ష నిబంధనలచేతనే తప్పనిసరి. అది లేక మ్యూచువల్ ఫండ్ల పంపిణీదారుడుగా నమోదగుటకు వీలులేదు. పట్టణములో పరిచయములు లేని చిన్న ఊరి విద్యార్థికి పేరున్న యోగ్యతాపత్ర మొక్కటి తలుపు తట్టుటకు ధైర్యమిచ్చును. నేతగాడు మగ్గము సమకూర్చుకొనుట కాయకములో భాగమే. కాని ఒక్క బారయైనను నేయక మగ్గము వెంట మగ్గము కొనుచుండుట కాయకము కాదు.

ఈ పత్రములిచ్చు సంస్థలే యీ సత్యమును అంగీకరించినవి. సి.ఎఫ్.ఎ. చదువరి ఒక్కొక్క స్థాయికి సుమారు 300 గంటలు చదువవలెనని ఆ సంస్థ చెప్పును. ఐనను మూడు స్థాయిలును దాటినంతమాత్రమున బిరుదము రాదు. కనీసము 36 నెలల కాలములో 4,000 గంటల వృత్త్యనుభవము చూపవలెను. ఎఫ్.ఆర్.ఎం. బిరుదమునకు రెండేండ్ల అనుభవము కావలెను. మన దేశపు చార్టర్డ్ అకౌంటెంటు విద్యలో సైతము, 2023లో వచ్చిన క్రొత్త విధానము ననుసరించి రెండేండ్లు ఆర్టికల్‌షిప్ చేయవలసియున్నది. మ్యూచువల్ ఫండ్ల ఎన్.ఐ.ఎస్.ఎం. పత్రము మూడేండ్లకే కాలము తీరును. అనగా పనిలో పెట్టని పత్రము అరలో నుండగనే పాతబడును.

ఈ సందర్భమున ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల చరిత్ర స్మరణీయము. నేల రాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చి, వానితోనే జంగమదాసోహము నడుపుట మారయ్య కాయకము. ఒకనాడు అతడు నిత్యముకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతసింపలేదు. ఆనాటి అవసరమునకు మించినది తమది కాదని చెప్పి, తిరిగి అక్కడనే పోసి రమ్మని భర్తను పంపెను. అధికమైన బియ్యమును దోషముగా చూచిన ఆ తల్లి, అధికమైన పత్రములను చూచినచో ఏమనునో మనము ఊహింపవచ్చును. విద్య బియ్యము వంటిది కాదు, ఎంత కూర్చినను తప్పులేదని కొందరందురు. నిజమే, విద్యకు హద్దు లేదు. కాని తండ్రి పదవీవిరమణ ధనమునకు హద్దు కలదు. యౌవనమునకును హద్దు కలదు. ఒకే విద్యకు మూడుమారులు రుసుము చెల్లించుట విద్యార్జనము కాదు, భయమునకు చెల్లించు సుంకము.

మన సిద్ధాంతములో ఇంకొక సూక్ష్మము కలదు. పదార్థము లింగమునకు అర్పితమైన పిదపనే ప్రసాదమగును. అర్పింపనిది ఎంత రుచికరమైనను పదార్థముగానే మిగులును. విద్యయు నట్టిదే. ఒకరి లెక్క సరిదిద్దినప్పుడు, ఒక వితంతువు దాచుకొన్న సొమ్ము మోసపు పథకములో పడకుండ కాపాడినప్పుడు, ఆ విద్య ప్రసాదమగును. అంతవరకు అది తలలో నిలువయున్న పదార్థమే.

కావున యువకులు ప్రతి క్రొత్త పరీక్షకు పూర్వము తమ్ము తాము మూడు ప్రశ్నలు అడుగుకొనవలెను. నేను కోరు పనికి ఇది నిజముగా అవసరమా? నేనిదివరకే నేర్చినదానికంటె ఇందు క్రొత్తది యెంత? ఈ పరీక్ష లేదని తెలిసినచో రేపు ఉదయము నేనేమి చేయుదును? మూడవ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు భయము కలిగినచో, అతనికి కావలసినది మరియొక పరీక్ష కాదు.

అయితే తప్పంతయు యువకులదేనా? వారికి ఆ భయమును కలిగించినవారము మనము. పెండ్లిపందిరిలో "మీవాడేమి చేయుచున్నాడు?" అని అడుగుదుము. పరీక్షకు చదువుచున్నాడనిన తల యూపుదుము. ధాన్యపు మిల్లులో చిట్టా, ఆవర్జాలు వ్రాయుచున్నాడనిన మాట మార్చుదుము. అనుభవమంటపమున పడవ నడుపు చౌడయ్యయు, బట్టలుతుకు మాచయ్యయు, ఖజానా చూచు బసవన్నయు సమానముగా కూర్చుండిరని ఉపన్యాసములలో చెప్పుకొను మనము, ఇంటి గడపలో మాత్రము కాయకములకు తరతమములు కల్పించుచున్నాము. బసవేశ్వరుడు బిజ్జలుని భండారమును నిర్వహించిన మహానుభావుడు. ద్రవ్యముల లెక్క చూచుట మన సంప్రదాయమునకు పరాయి వృత్తి కాదు. ఆయన గౌరవము భండారము పెద్దదగుటచేత వచ్చినది కాదు, ఆయన చేతి లెక్క శుద్ధమగుటచేత వచ్చినది. చిన్న అంగడి లెక్క శుద్ధముగా వ్రాయువాడును ఆ మార్గమందలివాడే.

మఠములును ఈ విషయమున సాయపడవచ్చును. విద్యార్థి వసతిగృహముల, అన్నదాన నిధుల జమాఖర్చులను ఇట్టి యువకుల కొప్పగించి, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో వ్రాయించినచో మఠమునకు సేవయు, యువకునకు అనుభవమును ఒక్కసారిగా లభించును.

ఆ యువకుని సంగతి చెప్పి ముగింతును. అతడు ఎఫ్.ఆర్.ఎం. పుస్తకములను కట్టిపెట్టెను. సి.ఎఫ్.ఎ. మొదటి స్థాయిని మాత్రము విడువలేదు. ప్రతిదినము ఉదయము ఒక పన్నుల సలహాదారు కార్యాలయమునకు పోయి, చిన్న వర్తకుల జి.ఎస్.టి. రిటర్నులు సిద్ధపరచుచున్నాడు. ఇచ్చునది స్వల్పము. కోరిన ఉద్యోగ మింకను రాలేదు. వచ్చునని నేను వాగ్దానము చేయజాలను. కాని మొన్న మా యింటికి వచ్చినపుడు, ఒక కిరాణా వర్తకుని లెక్కలో రెండుమారులు కట్టబడిన పన్నును తాను కనిపెట్టిన విధమును అరగంటసేపు వివరించెను. ఏమి చేయుచున్నావని నేను అడుగనేలేదు. అడుగవలసిన అవసరము కలుగలేదు.