మాల తీసిన మరునాడు



కార్తిక మాసము ప్రవేశించినది మొదలు హిందూపురము, పెనుకొండ, ధర్మవరము వీధులలో తెల్లవారకమునుపే శరణుఘోష వినవచ్చును. నల్లని వస్త్రములు ధరించి, చన్నీట స్నానము చేసి, 41 దినములు అయ్యప్ప దీక్ష వహించువారిలో నిన్నటివరకు మద్యమునకు బానిసలైనవారును ఉందురు. ఆ మండలకాలమంతయు వారు మద్యమును తాకరు. కూలిడబ్బు ఇల్లు చేరును. ఇల్లాలు నిశ్చింతగా నిదురించును. తండ్రి అడుగుల చప్పుడు విని బిడ్డలు వెరవరు.

మాల తీసిన మరునాడు ఏమగుచున్నది? ఎందరో మరల పాతదారినే పట్టుచున్నారు. దేవుని భయము తీరినది, త్రాగుడు తిరిగివచ్చినది అని లోకులు నవ్వుదురు. ఆ మాట సగమే సత్యము. వానిని అన్ని దినములు నిలిపినది మాల ఒక్కటియే కాదు. వేకువనే లేపిన తోటి స్వాములు కలరు. దారి చూపిన గురుస్వామి కలడు. సరిగా త్రాగుడు వేళకే భజనకు పిలుపు కలదు. "స్వామీ" యని గౌరవముతో పలుకరించిన వీధి కలదు. ఇవన్నియు ఒక్కనాడే తొలగిపోవును. ఒంటరియైనవాడు జారుటలో వింత యేమి?

1935లో అమెరికాలోని ఏక్రన్ నగరమున ఇద్దరు మద్యపీడితులు ఈ సత్యమునే గ్రహించిరి. ఒకరి బాధ నొకరితో చెప్పుకొనుచు, జన్మమంతటికి ప్రతిజ్ఞ చేయక, ఈ ఒక్క దినము త్రాగరాదను నియమముతో నిలిచిరి. వారివలన ఏర్పడిన ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘము నేడు దేశదేశముల వ్యాపించియున్నది. మన పెద్దలు సత్సంగమనినది ఇట్టిదియే కదా!

మరి జారినవాని గతి యేమి? గీత ఆరవ అధ్యాయమున అర్జునుడును యోగమునుండి జారినవానిని గూర్చి ఇట్లే కలతచెందెను. మేలునకు పూనుకొనినవాడు చెడిపోడని భగవానుడు అభయమిచ్చెను. మన ధర్మవరము మగ్గమును చూడుడు. పట్టుపోగు తెగినచో నేతగాడు పడుగునంతటిని పారవేయడు. తెగినచోటు వెదకి, ముడివైచి, నేత సాగించును.

ఒక్క హెచ్చరిక. ఏండ్లతరబడి మితిమీరి త్రాగినవాడు హఠాత్తుగా మానినచో వణుకు, మూర్ఛ, చిత్తభ్రమ కలుగవచ్చును; ప్రాణాపాయమును కలదు. అట్టివారు దీక్షకు ముందే వైద్యుని చూడవలెను. వైద్యము కోరుట భక్తిలోపము కాదు.

కావున భక్తులారా! మాల తీసిన స్వామిని 42వ దినమున మరువకుడు. సాయంకాలము తలుపు తట్టి, "స్వామీ, నేడెట్లున్నారు?" అని అడుగుడు. మన మూడు ఊళ్ల దేవాలయములలోను హారతి పిమ్మట అట్టివారు ఒక గడియ కలిసి కూర్చుండుటకు చోటీయుడు. రానివానికొరకు కబురంపుడు. జారివచ్చినవానిని నిందింపక ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. 18 మెట్లు ఎక్కునపుడు తోడున్నవారము, ఇల్లు చేరిన పిమ్మటను తోడుండవలదా?

హరిహరసుతుడు మనకందరికి అట్టి బుద్ధిని ప్రసాదించుగాక! స్వామియే శరణమయ్యప్ప!