కావలివాని హద్దు

దొంగభయం లేని ఊరు ఉండదు. పగలంతా కష్టపడి కూడబెట్టుకొన్న నాలుగు వస్తువులు, రాత్రి తలుపు వేసుకొని పడుకొన్నప్పుడు పదిలంగా ఉండాలని కోరుకోవడం లోభం కాదు. సంసారికి అది సహజమైన కోరిక. ఆ కోరికలోనుంచే కావలి పుట్టినది. పొరుగువాడు ఊరికి వెళ్లినప్పుడు అతని ఇంటిమీద ఒక కన్ను వేసి ఉంచడం, అర్ధరాత్రి కేక వినిపిస్తే కర్ర పుచ్చుకొని లేచి రావడం మంచి గుణాలనే మనవారు ఎంచినారు. కావలి ఉండదగినదా అన్న విషయంలో వివాదం లేదు. రక్షణ ఏ హద్దు దాటితే పీడగా మారుతుందో తెలుసుకోవడమే కష్టం.

ఢిల్లీ మొదలుకొని హైదరాబాదు వరకు మన నగరాలలోని కాలనీలను చూడండి. ఒకప్పుడు ఎవరైనా నడిచిపోగలిగిన వీథికి నేడు ఇనుపగేటు ఉన్నది. రాత్రి వేళ దానికి తాళం పడుతుంది. నేను నివసించే చోట కూడా అటువంటి సంఘం ఒకటి ఉన్నది. దాని సభ్యులు దుర్మార్గులు కారు. ఉద్యోగ విరమణ చేసిన పెద్దలు, పిల్లల క్షేమం కోరే తండ్రులు. అయినా వారి శ్రద్ధ రోజురోజుకూ పెరిగి ఊపిరి సలపనివ్వకుండా ఉన్నది. అద్దెకుండే యువకుని చూడవచ్చిన అమ్మాయి అతనికి ఏమవుతుందని ఆరా తీస్తారు. అంట్లు తోమే ఆమె సాయంకాలం ఇంటికి పోయేటప్పుడు సంచి విప్పించి చూస్తారు. తోపుడుబండిమీద కూరలు అమ్ముకొనే ముసలివాడు గేటు అవతలనే నిలిచి కేక వేయాలి. కొత్త ముఖం కనిపిస్తే ఫోటో తీసి క్షణంలో అందరి ఫోనులకు పంపుతారు. ఇంతా చేసి, కారులో వచ్చిన పెద్దమనిషిని మాత్రం ఎవరూ ఏమీ అడగరు. గేటు దానంతట అదే తెరచుకొంటుంది.

ఇది కొత్త సంగతి అనుకోనక్కరలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో నగరపాలనను గురించిన ప్రకరణం ఒకటి ఉన్నది. పది, ఇరవై, లేదా నలభై కుటుంబాలకు ఒక గోపుడు ఉండాలనీ, ఆ ఇళ్లలోని స్త్రీ పురుషుల పేరు, గోత్రం, వృత్తి, ఆదాయ వ్యయాలు అతడు తెలుసుకొని ఉండాలనీ అందులో విధించినారు. ఇంటికి ఎవరు వచ్చినా, ఇంటినుంచి ఎవరు పోయినా గృహస్థు తెలియజేయాలి. తెలియజేయకపోతే ఆ రాత్రి జరిగిన నేరం అతని తలకు చుట్టుకొంటుంది. ఏ నేరమూ జరగని రాత్రికైనా మూడు పణాలు చెల్లించుకోవాలి. అతిథిని దైవంగా భావించుమని తైత్తిరీయోపనిషత్తు బోధించిన దేశంలోనే, అతిథి వచ్చినట్లు అధికారికి విన్నవించుమనే శాసనం కూడా పుట్టినది. ఈ రెండు ధర్మాల మధ్య మనం నేటికీ ఊగిసలాడుతున్నాము. అయితే గోపుడు రాజోద్యోగి. అతనిపై స్థానికుడు, స్థానికునిపై నాగరికుడు ఉన్నారు. అతడు ఎవరికి జవాబుదారియో అందరికీ తెలుసు. వీథి సంఘానికి ఆపాటి పై అధికారి కూడా లేడు.

సంఘంవారి వాదం ఒకటి ఉన్నది. దానిని తేలికగా తోసివేయరాదు. "ఏ తప్పూ చేయనివానికి భయమెందుకు? రెండు ప్రశ్నలకు జవాబు చెప్పి పోతే అతని సొమ్మేమి పోయింది?" అని వారు అంటారు. పోయేదేమిటో అడిగేవానికి తెలియదు, అడిగించుకొనేవానికే తెలుస్తుంది. ప్రశ్న అందరిమీదా సమానంగా పడితే ఈ వాదానికి కొంత బలం ఉండేది. కాని అది ఎప్పుడూ మాసిన బట్టమీద, సైకిలుమీద, పరాయి యాసమీద పడుతుంది. ఈ పక్షపాతం ఎక్కడికి దారితీస్తుందో మన చరిత్రలోనే ఉన్నది. 1871లో ఆంగ్ల ప్రభుత్వం చేసిన చట్టం కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్ర వేసినది. 1911లో అది మద్రాసు రాజధానికి కూడా విస్తరించినది. బాపట్ల దగ్గరి స్టువార్టుపురం అట్లా వెలసిన నివాసమే. ఆ చట్టం 1952లో రద్దయినది. చట్టం పోయినా చూపు పోలేదు.

మరొక చిక్కు కావలి స్వభావంలోనే ఉన్నది. దొంగ రాకపోతే అది మా కావలి మహిమ అంటారు. వస్తే కావలి ఇంకా పెంచాలంటారు. ఏది జరిగినా కావలి పెరిగేదే తప్ప తరిగేది కాదు. రాత్రంతా మేలుకొన్నవానికి తన జాగరణ వ్యర్థం కాలేదని తోచాలంటే ఏదో ఒక నీడ కనిపించాలి. కనిపించనినాడు అతడు దానిని కల్పించుకొంటాడు.

చూడబడేవాని పక్షం మన న్యాయస్థానాల ముందుకు ఒకసారి వచ్చినది. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే వ్యక్తిని 1941లో ఒక దోపిడి కేసులో ఇరికించి, సాక్ష్యం చాలక విడిచిపెట్టినారు. అయినా పోలీసులు అతని పేరిట చరిత్రపత్రం తెరచినారు. గ్రామ చౌకీదారు, కానిస్టేబుళ్లు రాత్రివేళ వచ్చి తలుపు తట్టి, కేకలు వేసి, నిద్ర లేపుతున్నారని అతడు మొరపెట్టుకొన్నాడు. 1962 డిసెంబరులో సుప్రీం కోర్టు రాత్రిపూట ఇంటికి పోవడాన్ని కొట్టివేసినది. మిగిలిన నిఘాను మాత్రం అధికసంఖ్యాకులైన న్యాయమూర్తులు నిలిపినారు. న్యాయమూర్తి కోకా సుబ్బారావు వారితో ఏకీభవించలేదు. ఏకాంతం స్వేచ్ఛలో ఒక భాగమని, నిఘా నీడలో తిరిగేవాడు స్వేచ్ఛగా తిరుగుతున్నట్లు కాదని ఆయన తలచినారు. సుమారు 55 సంవత్సరాల తరువాత, 2017 ఆగస్టులో, తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకాంతం ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తీర్పు చెప్పినది. ఆ హక్కును ప్రభుత్వంమీద నిలబెట్టుకొన్నాము. పొరుగువానిముందు నిలబెట్టుకోవడం ఇంకా కష్టంగానే ఉన్నది.

కావలి హద్దు మీరితే చివరకు ఏమవుతుందో కూడా చూచినాము. 2018 జూలై 1వ తేదీన మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడాలో, భిక్షకు వచ్చిన సంచార జాతివారు ఐదుగురిని పిల్లల నెత్తుకుపోయేవారనుకొని జనం కొట్టి చంపినారు. 2020 ఏప్రిల్ 16వ తేదీ రాత్రి పాల్ఘర్ జిల్లా గడ్‌చించలేలో ఇద్దరు సాధువులు, వారి కారు నడిపేవాడు అదేవిధంగా హతులైనారు. దొంగలు తిరుగుతున్నారన్న పుకారు వ్యాపించి, ఊరివారు రాత్రులు కాపలా కాస్తున్న రోజులవి. ఆ జనంలో చాలామంది తమ బిడ్డలను కాపాడుకొంటున్నామనే నమ్మి ఉంటారు. నా వీథిలోని పుస్తకంలో సంతకం అడిగే పెద్దమనిషికీ వారికీ ఎంతో దూరం ఉన్నది. దానిని చెరపడం అన్యాయం. కాని తోవ ఒక్కటే. కొత్తవాడు తాను నిర్దోషినని ముందుగా రుజువు చేసుకోవాలన్న భావనతోనే అది మొదలవుతుంది.

అయితే కావలి మానుకోవాలా? అక్కరలేదు. దానికి మూడు కట్టుబాట్లు ఉంటే చాలు. మొదటిది, చేసిన పనిని చూడాలి గాని మనిషి వేషాన్ని కాదు. గోడ దూకుతున్నవానిని ఆపవచ్చు. గోడ పక్కన నడుస్తున్నవానిని ఆపరాదు. రెండవది, పట్టుకొన్నవాడు శిక్షకుడు కారాదు. తన కళ్లముందు ఘోరనేరం చేసినవానిని పౌరుడు పట్టుకోవచ్చునని 2023 నాటి భారతీయ నాగరిక సురక్షా సంహిత కూడా అంటున్నది. కాని ఆరు గంటలలో పోలీసులకు అప్పగించుమన్నది. మూడవది, ఏ నియమమైనా పెట్టినవానికి కూడా వర్తించాలి. పనిమనిషి సంచి విప్పించేవాడు తన సంచి కూడా విప్పి చూపగలడా అని ముందు తన్ను తాను ప్రశ్నించుకోవాలి.

ఇంకొక మాట. మా వీథిలో ఒంటరిగా ఉండే ఒక వృద్ధురాలు మూడు రోజులు జ్వరంతో మంచం పట్టినది. ఆమె ఇంటికి ఎవరు వచ్చినారో, ఎవరు పోయినారో గేటు దగ్గరి పుస్తకంలో గంటలతో సహా వ్రాసి ఉన్నది. ఆ మూడు రోజులు ఎవరూ రాలేదని కూడా ఆ పుస్తకమే చెబుతుంది. ఎందుకు రాలేదని ఆలోచించినవారు లేరు. గేటు అవతల నిలిచిన కూరల ముసలివాడే, రోజూ కొనే అమ్మగారు కనిపించలేదేమని అడిగినాడు.

తెలుగులో 'కనిపెట్టడం' అన్న మాటకు రెండు అర్థాలు ఉన్నాయి. ఒకరి గుట్టు పసిగట్టడం ఒకటి. పసిబిడ్డను, ముసలివారిని కనిపెట్టుకొని ఉండడం ఇంకొకటి. రెండింటికీ కావలసినది తెరచిన కన్నే. ఆ కన్ను ఎవరి మేలు కోరి తెరచుకొన్నదో ప్రతి వీథి తన్ను తాను అడుగుకోవలసి ఉన్నది.