ఆపరేషన్ నిర్ణయం ఎవరిది?



ఉదయగిరి, ఆత్మకూరు వైపు ఎవరికైనా నడుము పట్టేస్తే "అంతా నీళ్ల మహిమ" అంటాం. అందులో నిజముంది. ఆనాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడు నీళ్లు ఎముకలను బిగదీస్తున్నాయని వైద్యులు 1937లోనే వెల్లడించారు. అయితే ప్రతి నడుము నొప్పికీ నీళ్లే కారణం కాదు. కొందరికి కారణం తల్లి గర్భంలోనే ఏర్పడుతుంది.

వెన్నుపాము సాధారణంగా నడుము పైభాగంలోనే ముగుస్తుంది. పుట్టుకతో లోపమున్న కొందరిలో అది కిందికి అతుక్కుని, గుంజకు కట్టేసిన దూడలా ఉండిపోతుంది. వంగినప్పుడల్లా లాగుతుంది. చిన్నతనంలో ఏ బాధా లేకపోవచ్చు. ముప్పై, నలభై ఏళ్లకు నడుము నొప్పి, కాళ్ల తిమ్మిరి, మూత్రం అదుపు తప్పడం మొదలుకావచ్చు. నడుము కింద వెంట్రుకల కుచ్చో, గుంటో, కొవ్వుగడ్డో కొందరిలో పైకి కనిపించే గుర్తు. ఎం.ఆర్.ఐ. స్కానింగులో సంగతి తెలుస్తుంది.

ఆపరేషన్ చేసి ఆ పట్టు విడదీస్తారు. చాలామందికి నొప్పి తగ్గుతుంది. పోయిన బలం తిరిగి వస్తుందన్న హామీ మాత్రం లేదు. ఉన్నది పోకుండా నిలుపుకోవడమే ముఖ్యోద్దేశం. కొత్త బలహీనత వచ్చే ప్రమాదమూ ఉంది.

మరి చేయించుకోవడం విధియా? మానుకోవడం పాపమా? ప్రాణాన్ని, ఆరోగ్యాన్ని కాపాడుకోవడం మన బాధ్యతేననీ, మోయలేని భారమయ్యే చికిత్సకు ఎవరూ కట్టుబడి లేరనీ 12వ పయస్ పోపుగారు 1957లో వైద్యులకు వివరించారు. రోగి అనుమతి లేనిదే వైద్యునికి హక్కు లేదని కూడా చెప్పారు. నెలనెలా కాళ్లు చచ్చుబడుతున్నవానికీ, ఏళ్ల తరబడి ఒకే నొప్పితో పనులు చేసుకుంటున్నవానికీ జవాబు ఒకటి కాదు. తూచవలసింది రోగి.

తూచాలంటే నిజం తెలియాలి. మన ఇళ్లల్లో స్కానింగు సంగతి పెద్దకొడుక్కు చెబుతారు, తల్లితో "ఏం లేదులేమ్మా" అంటారు. ఆ తల్లి కూడా మూత్రం సంగతి సిగ్గుతో ఏళ్లపాటు దాచి ఉంటుంది. ఎందుకు? పుట్టుగ్రుడ్డివానిని చూచి ఇది ఎవరి పాపమని శిష్యులడిగితే ప్రభువు ఆ లెక్కనే తోసిపుచ్చారు. మనమేమో "గ్రహణం నాడు కదిలిందేమో" అంటూ ఇంకా తల్లుల మీద నింద మోపుతున్నాం. ఆ నింద పుట్టించిన సిగ్గే, ఆపరేషన్ మేలు చేయగల కాలాన్ని మింగేస్తుంది. ఈ విషయంలో పాపమంటూ ఉంటే అది రోగిది కాదు, మనది.

ఆపరేషన్ ఫలించకపోయినా బ్రతుకు ముగియదు. 1954లో కారు ప్రమాదంలో కాళ్లు చచ్చుబడిన డాక్టర్ మేరీ వర్గీస్ చక్రాల కుర్చీలోనే శస్త్రచికిత్సలు చేశారు. 1966లో వేలూరులో ఇటువంటి రోగుల కోసం పునరావాస కేంద్రం మొదలుకావడానికి ఆమే మూలం.

మీ ఇంట్లో ఎవరైనా నడుము పట్టుకుని మౌనంగా ఉంటే, నీళ్లను తిట్టి ఊరుకోకండి. పక్కన కూర్చుని అడగండి. డాక్టరుగారు చెప్పినదంతా వారి ముందే విననివ్వండి. ఆపైన వారు ఔనన్నా కాదన్నా, వారి చెయ్యి విడువకండి.