నూనె బిందువు సాక్ష్యం

ఎలక్ట్రాన్‌కు ఋణావేశం, ప్రోటాన్‌కు అంతే ధనావేశం, న్యూట్రాన్‌కు ఏ ఆవేశమూ లేదు. ఇంతవరకు మన ఇళ్లలో పదో తరగతి పిల్లలకూ తెలుసు. అయితే ‘అంతే’ అంటే ఎంత? ఎలక్ట్రాన్ ఉనికిని 1897లో జె.జె. థామ్సన్ చాటితే, దాని ఆవేశాన్ని కచ్చితంగా కొలిచిన ఖ్యాతి రాబర్ట్ మిల్లికన్‌కు దక్కింది. 1923లో ఆయనకు నోబెల్ బహుమతి రావడానికి ఆ కొలత ఒక ప్రధాన కారణం.

చికాగో విశ్వవిద్యాలయంలో రెండు లోహపు పలకల మధ్య సన్నని నూనె తుంపర వదిలేవారు. బిందువు తన బరువుకు కిందికి దిగుతుంది. పలకలకు విద్యుత్తు ఇస్తే, ఆవేశం గల బిందువు పైకి లేస్తుంది. ఈ రెండు వేగాలను బట్టి దానిపై ఉన్న ఆవేశం తెలుస్తుంది. ఏ బిందువును చూసినా ఆ ఆవేశం ఒకే చిన్న మొత్తానికి రెండు రెట్లో, అయిదు రెట్లో ఉండేదే తప్ప ఒకటిన్నర రెట్లు ఉండేది కాదు. ఎంత సొగసైన ప్రయోగం!

1913 నాటి పత్రంలో మిల్లికన్ 58 బిందువుల లెక్కలిచ్చారు. ఇవి ఏరి తీసినవి కావనీ, వరుసగా 60 రోజులు పరీక్షించినవన్నీ ఇవేననీ రాశారు. ఆయన మరణానంతరం పరిశోధకులు నోటు పుస్తకాలు తెరిస్తే అందులో వందకు పైగా బిందువులున్నాయి. కొన్నింటిని వదిలేయడానికి సరైన కారణాలున్నాయి, కొన్నింటికి కారణమేమీ రాసి లేదు. అన్నీ కలిపినా ఫలితం పెద్దగా మారేది కాదని కూడా తేలింది.

మరి నష్టమేముంది అని అడగవచ్చు. బిందువును వదిలేయడం తప్పని మనం అనడం లేదు. గాలి జిగట విలువ సరిగా లేక ఆయన లెక్క నేటి విలువ కంటే కాస్త తగ్గింది, అది పొరపాటు, దానికి ఎవరూ నిందించరు. కానీ ‘అన్నీ ఇవే’ అన్నది సాక్ష్యం. ప్రయోగశాలలో లేని పాఠకుడు నమ్మేది ఆ ఒక్క మాటనే. అది అమానతు. విషయం మంచిదే కదా అని మన హదీసువేత్తలు అబద్ధాలకోరు ఉల్లేఖనాన్ని స్వీకరించలేదు.

అన్నట్టు, ఈ ప్రయోగానికి తొలి పరికరం అమర్చింది తానేనని శిష్యుడు హార్వే ఫ్లెచర్ రాసుకున్నారు. 1910 నాటి పత్రంలో ఆయన పేరు లేదు. ఆయన మాట అచ్చయింది కూడా మరణించాకే, 1982లో.

ఇంటర్ ప్రాక్టికల్ రికార్డులో ముందు జవాబు చూసుకొని రీడింగులు తయారుచేసే పిల్లలు మన ఇళ్లలోనూ ఉన్నారు. ‘జవాబు సరిపోయిందిగా అబ్బా’ అంటారు. కుదరని రీడింగును కూడా రాసి, పక్కన ‘బల్ల కదిలింది’ అని రాయమని మనమే చెప్పాలి. ఒక మార్కు తగ్గితే తగ్గనివ్వండి.