కొవ్వొత్తుల పండుగ, కొల్లేటి పక్షులు



ఫిబ్రవరి 2న మనం కొవ్వొత్తులు వెలిగించి బాలయేసు సమర్పణ పండుగ జరుపుకొంటాం. గొఱ్ఱెపిల్లను కొనే స్తోమత లేక మరియ, యోసేపులు ఆనాడు దేవాలయానికి తెచ్చిన కానుక రెండు పక్షులు (లూకా 2:24). అదే తేదీని లోకం చిత్తడి నేలల దినంగా పాటిస్తోంది. 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో ఆ నేలల రక్షణకై ఒప్పందం కుదిరిన రోజది. 2002లో మన కొల్లేరు ఆ జాబితాలో చేరింది.

“మావాడు జువాలజీ చదివాడు ఫాదర్ గారూ. జనవరిలో ఆటపాక వెళ్ళి పక్షుల్ని లెక్కపెడతానంటాడు. కూడు పెట్టే పనేనా అది?” అని తల్లులు అడుగుతుంటారు. అడగవలసిన ప్రశ్నే. ఆసియా దేశాల్లో 1987 నుండి ఏటా జనవరిలో స్వచ్ఛంద సేవకులు నీటిపక్షులను లెక్కిస్తున్నారు. దానికి జీతం లేదు. ఒక బైనాక్యులర్, ఒక నోటుపుస్తకం, చీకటితో లేచే ఓపిక ఉంటే చాలు. ఏళ్ళ తరబడి అలా రాసిన లెక్కలుంటేనే గూడబాతులు పెరుగుతున్నాయో తరుగుతున్నాయో తెలిసేది. ఇక ఉద్యోగమంటారా, అటవీశాఖలో బీట్ ఆఫీసరు మొదలు రేంజి ఆఫీసరు దాకా పోటీపరీక్షలున్నాయి. డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థలో ఎమ్మెస్సీ ఉంది. ముత్తుకూరులో మత్స్య కళాశాల ఉంది. ఖాళీలు తక్కువే, సాఫ్ట్‌వేర్ జీతమూ రాదు. దాచడమెందుకు?

దైవమంచితనాన్ని ఏ ఒక్క ప్రాణీ పూర్తిగా చూపలేదు గనుకనే దేవుడు ఇన్ని రకాలు సృష్టించాడని పునీత అక్వినాసు తోమాసు బోధించారు. ఫ్రాన్సిస్ పాపుగారు 2015 నాటి ‘లౌదాతో సీ’ విశ్వలేఖలో ఆ బోధననే తలచుకొన్నారు. సెమినరీలో ఇది పరీక్షకోసం చదివాం. కొల్లేటి గట్టుమీద నిలబడితే మరోలా అర్థమవుతుంది.

అయితే ఆ గట్టుమీద మనుషులూ ఉన్నారు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీటిని కొల్లేరు పట్టి ఉంచి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పంపుతుంది. చేపల చెరువుల గట్లు ఆ దారికి అడ్డుపడ్డాయి. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు చివరికి చేరవలసిందీ ఈ సరస్సుకే. కాబట్టి నీటికి చోటుండాలి. కాని 2006లో గట్లు కొట్టివేసినప్పుడు, అప్పుచేసి చెరువులో వాటా పెట్టిన చిన్న కుటుంబాలు కూడా నష్టపోయాయి. “పక్షికున్న విలువ మాకు లేదా?” అని ఎవరైనా అడిగితే ఆ మాటను నేను తోసిపుచ్చలేను.

అందుకే ఈ ఉద్యోగాల్లోకి లంక గ్రామాల పిల్లలే వెళ్ళాలని నా కోరిక. పైనుండి వచ్చిన అధికారికి గట్టు కనిపిస్తుంది. అక్కడే పుట్టినవాడికి గట్టు వెనక తాకట్టుపెట్టిన తల్లి పుస్తెలు కూడా కనిపిస్తాయి. వాడు “ఇక్కడ తవ్వకు బాబాయ్” అంటే ఊరు కోప్పడుతుంది, కాని వింటుంది.

జనవరిలో మీ అబ్బాయో అమ్మాయో అడిగితే కైకలూరు బస్సుకు డబ్బులివ్వండి. లెక్క ఆదివారం పడితే ఉదయం పూజకు బదులు సాయంత్రం పూజకు రమ్మనండి. నేనేమీ అనుకోను.