ఆవిడకీ ఓ ఇంటిపేరు ఉండే ఉంటది గదండీ

రాజమండ్రి నుంచి గోకవరం మీదుగా మారేడుమిల్లి వెళ్ళే బస్సులు మా కోరుకొండలో ఆగుతాయి. మారేడుమిల్లి అడవుల్లో 'పుష్ప' షూటింగ్ జరిగినప్పటి నుంచీ మా ఊళ్ళో అది శేషాచలం కథ కాదు, మన అడవి సినిమా. పైగా దర్శకుడు సుకుమార్‌ది కోనసీమ మట్టపర్రు. అందుకే 2021 డిసెంబర్‌లో విడుదలైన వారానికే ఇంటిల్లిపాదీ రాజమండ్రి వెళ్ళి చూసొచ్చాం. దాచడం దేనికి, నాకు నచ్చింది. హాల్లో మూడు గంటలూ కదలకుండా కూచున్నాను.

నరసింహస్వామి కొండకి వెళ్ళే దారిలో ఇడ్లీ బండి పెట్టుకున్న ఒకావిడ ఉంది. ఆమె కొడుకు తండ్రికి వేరే కుటుంబం ఉంది. ఈ పిల్లవాడు తన కొడుకేనని ఆయన ఏనాడూ ఒప్పుకోలేదు. అప్పటికి పదో తరగతి చదువుతున్న ఆ కుర్రాడు సినిమా చూసొచ్చి రెండ్రోజులు సరిగా అన్నం తినలేదట. మూడో రోజు తల్లిని నిలదీశాడట, నాకూ ఇంటిపేరు లేదు కదా అని. ఇది చెప్పి ఆమె నన్నడిగింది: "ఏమండీ మేడంగారూ, ఆ సినిమాలో పుష్పా వాళ్ళమ్మ ఉంది గదండీ. ఆవిడకీ ఓ ఇంటిపేరు ఉండే ఉంటది గదండీ? అదెవరూ అడగరేంటండీ?"

పాతికేళ్ళుగా సాహిత్యం పాఠాలు చెబుతున్నదాన్ని. నాకు తట్టలేదు ఆ ప్రశ్న.

2023 ఆగస్టు 24న జాతీయ అవార్డులు ప్రకటించినప్పుడు అల్లు అర్జున్ ఉత్తమ నటుడు, దేవిశ్రీప్రసాద్ పాటలకి ఉత్తమ సంగీత దర్శకుడు. ఆ అవార్డు మొదలయ్యాక ఒక తెలుగు నటుడికి రావడం అదే తొలిసారి. తెలుగు సినిమాకి ఇన్నేళ్ళకి గుర్తింపు వచ్చిందని అందరూ సంబరపడ్డారు. ఇన్నేళ్ళకా? శారద 'నిమజ్జనం'కి, అర్చన 'దాసి'కి, విజయశాంతి 'కర్తవ్యం'కి, కీర్తి సురేష్ 'మహానటి'కి ఉత్తమ నటి అవార్డులు తెచ్చారు. అన్నీ తెలుగు సినిమాలే. మగవాడు తెచ్చేదాకా గుర్తింపు లెక్కలోకి రాదు కాబోలు.

అవార్డు మీద వచ్చిన అభ్యంతరాల్లో ఎక్కువ వినబడింది ఒకటే: స్మగ్లర్‌ని హీరో చేసిన సినిమాకి ఇస్తారా, 'జై భీమ్'ని వదిలేస్తారా అని. మంత్రి సీతక్క కూడా 2024 డిసెంబర్‌లో ఇదే అన్నారు. అడవి బిడ్డగా, ఉద్యమాల్లోంచి వచ్చిన మనిషిగా ఆమె మాట మీద నాకు గౌరవం ఉంది. 'జై భీమ్'కి ఏమీ రాకపోవడం నన్నూ బాధించింది. లాకప్పులో భర్తని పోగొట్టుకున్న గిరిజన స్త్రీ ఆ సినిమాకి నడుమ నిలబడుతుంది. కానీ నేరస్థుడి పాత్రకి అవార్డేమిటి అన్న వాదనతో మాత్రం నేను నడవలేను. 'నాయకన్'కి కమల్‌హాసన్‌కి ఇచ్చారు. 'బాండిట్ క్వీన్'కి సీమా బిశ్వాస్‌కి ఇచ్చారు. ఫూలన్ తుపాకి పట్టిందని ఆ అవార్డు తప్పంటామా? పైగా ఎర్రచందనం నేరమన్నప్పుడు నాకు గుర్తొచ్చేది 2015 ఏప్రిల్ 7. శేషాచలంలో పోలీసు కాల్పుల్లో ఇరవైమంది కూలీలు చచ్చిపోయారు. తమిళనాడు పల్లెల నుంచి చెట్లు నరకడానికి వచ్చినవాళ్ళు. చట్టం వైపు నిలబడి పుష్పరాజ్‌ని తిట్టడం తేలిక. ఆ ఇళ్ళల్లో మిగిలిన ఆడవాళ్ళ ముందు నిలబడి ఆ మాట అనడం తేలిక కాదు.

నా పేచీ వేరే చోట ఉంది. శ్రీవల్లి చూసి నవ్వితే వెయ్యి, ముద్దిస్తే ఐదువేలు అని సినిమాలో బేరం పెడతారు. అదంతా హాస్యంగా సాగుతుంది. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత వ్యాన్లో పుష్ప ఆమె గుండెల మీద చెయ్యేసే దృశ్యానికి విమర్శలు రావడంతో కొద్దిరోజుల్లోనే దాన్ని కత్తిరించారు. ముట్టుకోవడం తీసేశారు, వెల కట్టడం ఉంచేశారు. స్మగ్లింగ్ గురించి అంత చర్చ జరిగిందే, ఈ ధరలపట్టిక గురించి ఎంత జరిగింది? అన్నట్టు, అదే సినిమాలో ఒక పాట మగవాళ్ళ బుద్ధిని ఎత్తిచూపిందని ఒక పురుషుల సంఘం ఫిర్యాదు చేసింది. ఆ ముచ్చటా ఉంది.

అవార్డు నటనకి, పాత్రకి కాదు అంటారు. నిజమే కదా అనిపిస్తుంది. ఎత్తిన ఆ భుజం, చిత్తూరు యాస, ఆ నడక... కష్టపడి కట్టిన మనిషి. అయితే నటన చేసే పనేమిటి? మనల్ని తీసుకెళ్ళి అతని పక్కన నిలబెట్టడం. అతని అవమానం మన అవమానం అవుతుంది, అతని బేరం మనకి ముచ్చటవుతుంది. ఆ ఐదువేల దగ్గర నేను నవ్వానంటే అది ఆ నటన గెలుపే. గెలుపుని మెచ్చుకుని, గెలిచిందేమిటో నాకు సంబంధం లేదనడం నాకు కుదరడం లేదు. అవార్డు ఇవ్వకూడదని కాదు. ఇచ్చాక మనం చప్పట్లు కొట్టి ఊరుకోనక్కర్లేదని.

ఇక ఇంటిపేరు. రెండు భాగాల కథకీ ఇరుసు అదే. తండ్రి ఇంటిపేరు దక్కనివ్వలేదన్న అవమానమే పుష్పని పుష్పని చేసింది. రెండో భాగంలో భార్య కడుపుతో ఉంటే తనకి ఆడపిల్లే పుట్టాలని కోరుకుంటాడు. ఎంత మురిపెంగా ఉంటుందో! కారణం వింటే మాత్రం గుండె చల్లబడుతుంది. ఆడపిల్లయితే పెళ్ళయ్యాక మొగుడి ఇంటిపేరు వస్తుంది కాబట్టి తండ్రికి పేరు లేకపోయినా పర్వాలేదట. చివరికి అన్న కూతుర్ని కాపాడాకే ఆ కుటుంబం అతన్ని కలుపుకుంటుంది. ఆ పిల్ల పడ్డ నరకం అన్నదమ్ములు కలవడానికి దారవుతుంది. పెంచిన తల్లి పార్వతమ్మ పక్కన నిలబడి కళ్ళు తుడుచుకుంటుంది.

'దాసి'లో దొర వల్ల గర్భం వస్తే, ఆ స్త్రీకి ఆ బిడ్డని కనే హక్కే ఉండదు. బి. నర్సింగరావు ఆ కథని ఆమె ముఖం మీద చూపించారు. పుష్ప ఒకరకంగా ఆ పుట్టకుండా పోయిన బిడ్డే. ఇప్పుడు పుట్టి, పెరిగి, గొడ్డలి పట్టుకుని వచ్చాడు. వచ్చి దొరతనాన్నే కూలుస్తాడనుకుంటే, గేటు దగ్గర నిలబడి నన్నూ లోపలికి రానివ్వమంటున్నాడు. అతని కోపం నాకు న్యాయంగానే తోస్తుంది, అడిగేది చూస్తేనే జాలి.

2025లో తెలంగాణ ప్రభుత్వం 'పుష్ప 2'కి గాను అల్లు అర్జున్‌కి ఉత్తమ నటుడిగా గద్దర్ పేరుమీద అవార్డు ఇచ్చింది. ఆ సినిమా ప్రీమియర్ రాత్రి, 2024 డిసెంబర్ 4న, హైదరాబాదు సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది. పిల్లల్ని సినిమాకి తీసుకొచ్చిన మనిషి. శాసనసభలో అంత చర్చ జరిగి, ఆర్నెల్లు తిరక్కుండా అదే సర్కారు అవార్డు చేతికిచ్చింది.

2022 జూలైలో సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. మన ఆంధ్ర హైకోర్టు నుంచి వెళ్ళిన కేసే. భర్త పోయి మళ్ళీ పెళ్ళి చేసుకున్న ఒక తల్లి, బిడ్డకి ఏ ఇంటిపేరు ఉండాలో నిర్ణయించుకునే హక్కు తనదేనని నిలబడి గెలిచింది. ఆ కాగితం ప్రింటు తీసి ఇడ్లీ బండి ఆవిడకి చదివి వినిపించాను. "ఇది సినిమా తియ్యరండీ?" అంది నవ్వుతూ.

మొన్న ఆ కుర్రాడు కాలేజీ దరఖాస్తు తెచ్చాడు. తల్లి ఇంటిపేరే రాసుకున్నాడు. తండ్రి పేరు గడి ఖాళీగా వదిలేశాడు. ఆఫీసులో గుమస్తా ఏదో ఒక పేరు రాసుకు రమ్మని వెనక్కి పంపాడట. సోమవారం నేనూ, వాళ్ళమ్మా కూడా వెళ్తున్నాం. బండి ఆ పూటకి మూసేస్తానంది.