గట్టుమీది వాని కూలి



మన పల్లెలలో బావి పూడిక తీయునప్పుడు ఒకడు లోనికి దిగును, ఒకడు గట్టున మోకు పట్టుకొని నిలుచును. దిగినవాడు బురదలో చెమటోడ్చును; గట్టుమీది వాడు ఊరక నిలిచినట్లే కనబడును. అతనికి సగము కూలి చాలునని మేమును ఒకప్పుడు తలంచితిమి. అయితే మోకు జారినయెడల పోవునది ప్రాణము గదా! ఆ బాధ్యతకు తగిన కూలిని అతడు నోరు తెరచి అడుగుట లోభమగునా?

ఈ ప్రశ్న సముద్రపు అడుగున చమురు, వాయువు తీయు పనిలో మరింత పెద్దది. మన కాకినాడ తీరమునకు దూరముగా అట్టి పని జరుగుచున్నది. బ్రిటను, నార్వేల నడుమనున్న ఉత్తర సముద్రములో అది ఎన్నో ఏండ్ల ముందే మొదలైనది. అచ్చటి డైవర్లు ఓడమీద గాలి ఒత్తిడి పెంచిన గదిలో వారములకొలది కాపురముండి, అందుండియే ఒక తొట్టిలో అడుగునకు దిగుదురు. ఊపిరికి వాయువు, ఒంటికి వేడినీరు, చెవికి మాట, అన్నియు గొట్టములు పెనవేసిన ఒక్క త్రాటివెంట వచ్చును. పైన సూపర్‌వైజరు వారి ప్రతి శ్వాసను వినుచు కూర్చుండును. బ్రిటను 1997లో చేసిన నిబంధనల ప్రకారము అతనిని వ్రాతమూలముగా నియమింపవలెను.

2012 సెప్టెంబరులో అచ్చట గాలివానలో ఒక ఓడను నిలుపు యంత్రము చెడి, ఓడ కొట్టుకొనిపోగా, ఒక డైవరు త్రాడు తెగెను. అతని వీపుమీది వాయువు కొన్ని నిమిషములకే చాలును; అతనిని చేరుటకు అరగంట దాటెను. దేవుని కృపవలన అతడు బ్రదికెను. అట్టి గడియలో పైన కూర్చున్నవాని పనిని ఏ కుంచముతో కొలువగలము?

ఇట్టివారిలో అనేకులు రోజుకూలి లెక్కన, ఒక్కొక్క పనికి ఒక్కొక్క ఒప్పందముతో కుదురుదురు. కావున బేరము తప్పదు. అది పాపమును కాదు. లాబాను అడుగగా యాకోబు తన జీతమేదో ముందే స్పష్టముగా చెప్పెను, మాట మార్చినవాడు లాబానే (ఆది. 30, 31). ముందు మాటాడని కూలి తరువాత సణుగుడగును. ఒంటరిగా అడిగినచో ఒకని అవసరము మరియొకని కూలిని తగ్గించును. 2006 నవంబరులో ఉత్తర సముద్రపు డైవర్లు యూనియనుగా కూడి పని మానిరి. ఆ నెలలోనే ఒప్పందము కుదిరి జీతములు పెరిగెను.

అయితే ఈ బేరములో అమ్మరానిది ఒకటి కలదు. అది “పని ఆపుడి” అని చెప్పు అధికారము. సూపర్‌వైజరు తన్ను తాను పరీక్షించుకొనవలెను: ఈ సొమ్ము నా బాధ్యతకు వెలయా, నా మౌనమునకు వెలయా? మరల పనికి పిలువరేమో అను భయముతో చెడ్డ వాతావరణములో డైవరును దించినయెడల, ఆ జీతము ఎంత కొద్దిదైనను లంచమే. కనుక జీతముతోపాటు విశ్రాంతి గంటలు, తనకు బదులు కూర్చుండు రెండవ మనిషి, పని నిలిపిన దినమునకును పూర్తి కూలి, ఇవన్నియు కాగితముమీద వ్రాయించుకొనుట మేలు. కూలి పోదను నిశ్చయము గలవాడు ధైర్యముగా ఆపగలడు.

యెహెజ్కేలు 33వ అధ్యాయములోని కావలివానిని తలంచుడి. అపాయము చూచియు బూర ఊదనివాడు ప్రాణమునకు ఉత్తరవాది. అతనికి జీతమిచ్చుట బూర ఊదుటకే గాని, ఊరకుండుటకు కాదు.

ఈ వేసవిలో మీ బావి పూడిక తీయించునప్పుడు గట్టుమీది వానితో కూలి ముందే మాటాడుడి. అతడు “ఇక చాలు, పైకి రా” అని కేకవేసిన దినమున ఆ కూలిలో ఒక్క రూపాయియు తగ్గింపకుడి.